కరెంటు లేని మూడు గంటలు

"నేనే చంపినానమ్మా. రాసుకో. సాయంత్రం జడ్జి ముందర కూడా ఇదే చెప్తా."

జిలాన్ బాషా ఈ మాట అన్నప్పుడు ఉదయం పదకొండూ పది. అరెస్టు నిన్న చూపించారు కాబట్టి ఈ సాయంత్రం ఐదింటికి అతన్ని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అంటే నా చేతిలో ఆరు గంటలు కూడా లేవు. ఈ ఆరు గంటల్లో నేను కాపాడాల్సిన మనిషే నాకు అడ్డం పడుతున్నాడు.

స్టేషన్ పేరు రాయను. కుందుర్పి దాటాక ఇంకాస్త దూరం, అంతే తెలిస్తే చాలు. నా పేరు భారతి. పంతొమ్మిదేళ్లు పోలీసు ఉద్యోగం చేసి, హెడ్ కానిస్టేబుల్‌గా ఉండగా వదిలేసి, అనంతపురంలో ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాను. బోర్డు చూసి లోపలికి వచ్చేవాళ్లలో సగం మంది జిరాక్సు ఎక్కడ తీస్తారని అడుగుతారు. నిన్న సాయంత్రం జిలాన్ బాషా కూతురు సమీనా ఫోన్ చేసింది. "మా నాయన చెయ్యని తప్పు ఒప్పుకుంటాండాడు మేడమ్. ఊర్లో అందరూ మొగం తిప్పుకున్యారు. కేశవన్న ఒక్కడే వచ్చి అన్నం ఇచ్చి పోతాండాడు" అని చెప్పి ఏడ్చింది. అందుకే ఆదివారం పూట స్కూటీ వేసుకుని ఇంత దూరం వచ్చాను. ఆదివారమైనా నాకు ఇంట్లో ఎదురుచూసేవాళ్లు లేరు కాబట్టి అదేం త్యాగం కాదు.

జరిగింది ఇది. లింగప్ప రిటైరైన టీచరు, డెబ్బై ఒక్కేళ్లు, పెళ్లి చేసుకోలేదు. తన పాత ఇంటిని బాగు చేయించి, ఊరి పిల్లలు చదువుకునే గదులుగా ఊరికే రాసిచ్చేస్తానన్నాడు. సోమవారం, అంటే రేపు, రిజిస్ట్రేషన్ జరగాల్సి ఉంది. ఆ ఇంటి తలుపులకు పట్టిన మూడు తరాల రంగు ఊడదీసే పని జిలాన్ బాషాది. వేడిగాలి ఊదే ఎలక్ట్రిక్ హీట్ గన్‌తో రెండు నెలలుగా ఆ పనే చేస్తున్నాడు. మొన్న శుక్రవారం మధ్యాహ్నం ఇల్లు అంటుకుంది. లోపలి గదిలో నిద్రపోతున్న లింగప్ప పొగకు ఊపిరాడక పోయాడు. హీట్ గన్ నడిమింటి తలుపు కిందే దొరికింది. స్విచ్ ఆన్‌లో ఉంది.

పోలీసుల లెక్క చక్కగా కుదిరింది. శుక్రవారం ఉదయం పదీ పావుకు కరెంటు పోయింది. గన్ స్విచ్ ఆపకుండా జిలాన్ బాషా అలాగే వదిలేశాడు. పన్నెండూ పావుకు నమాజుకు వెళ్లాడు. ఒకటీ ఇరవైకి కరెంటు వచ్చింది. మనిషి లేని గదిలో గన్ దానంతటదే వేడెక్కింది. ఒకటిన్నరకు మంట. ఈ లెక్కలో ఎక్కడా సందు లేదు. పైగా ముద్దాయి కూడా అదే అంటున్నాడు.

"జిలానన్నా, శుక్రవారం పొద్దున్నుంచి చెప్పు."

"తొమ్మిదికి మొదలుపెట్టినా. పదీ పావుకు కరెంటు పోయింది."

"అప్పుడు గన్ యాడుండాది?"

"నా చేతిలోనే."

"స్విచ్ ఆపినావా?"

అతను తన చేతులు చూసుకున్నాడు. అరవై మూడేళ్ల చేతులు, గోళ్ల కింద ఆకుపచ్చ రంగు ఇంకా పోలేదు. "అదే తెల్దమ్మా. రెండు దినాలుగా అదే ఆలోచన. ఆపినట్ల గుర్తు లేదు. ఆపనట్ల కూడా గుర్తు లేదు."

"తర్వాత?"

"కరెంటు లేదు కదా, చేత్తోనే గీకుతా కూచున్యా. పన్నెండు దాటినాక తలుపంతా తడిగుడ్డతో తుడిచినా. వెనక తొట్టి కాడ నీళ్లు పోసుకుని, తెల్ల చొక్కా ఏసుకున్యా. పని బట్టలు సంచిలో పెట్టుకుని మసీదుకు పోయినా. లింగప్ప సారు అప్పటికే అన్నం తిని పండుకున్యాడు. పోయొస్తా సార్ అంటే ఊఁ అన్యాడు. ఆయన నోట్లోంచి నేను ఇన్న ఆఖరు మాట అదే."

ఒక్క సంగతి గుర్తుపెట్టుకున్నాను. వేడి ఆగిపోయాక రెండు గంటలు ఇతను ఆ తలుపు ముందే కూర్చున్నాడు. చెక్కలో ఎక్కడో నిప్పు దాక్కుని ఉంటే వాసనైనా తగిలేది. కాబట్టి పోలీసులకు మిగిలింది గన్ ఒక్కటే. గన్ ఆన్‌లో ఉండిపోయిందా లేదా, కేసంతా దాని మీదే ఉంది.

"అన్నా, కొత్తోడికి ఈ పని నేర్పిస్తాండావనుకో. వానికేం చెప్తావు?"

వంగిపోయి ఉన్న మనిషి నిటారుగా కూర్చున్నాడు. "ముందు గన్ను కాదు, ముందు నీళ్ల బకెట్ తెచ్చుకోవాల. థిన్నరు డబ్బా వీధిలో పెట్టాల, గదిలో ఉండకూడదు. కిటికీలు తెరవాల. ముక్కుకు మంచి మాస్కు, మామూలు గుడ్డ పనికిరాదు. పాత రంగులో సీసముంటాది, చిన్న పిల్లోళ్లను ఆ దిక్కుకే రానీకూడదు. గన్ను మూతి చెక్కకు ఆనకూడదు, రెండంగుళాలు ఎడం. అద్దం మీదికి పోనీకూడదు, పగుల్తాది. ఒక్క చోట నిలపకూడదు, ఇస్త్రీ పెట్టె మాదిరి ఆడిస్తానే ఉండాల. రంగు ఉబ్బుతాది. ఉబ్బితే గీకాల. పొగ లేసిందా, నువ్వు ఎక్కువ కాల్చినట్ల. గీకిన పొట్టు ఎప్పటికప్పుడు నీళ్ల డబ్బాలో ఎయ్యాల. అయిపోయినాక చల్లగాలి మీద రెండు నిమిషాలు తిప్పి, మూతి పైకి పెట్టి ఇనప స్టాండులో నిలబెట్టాల. కింద పండబెట్టినోడు పనోడే కాదు."

ఎక్కడా తడుముకోలేదు. కానీ తెలియడం వేరు, చెయ్యడం గుర్తుండడం వేరు. ఆ తేడా నాకు బాగా తెలుసు. నేను బయటికి బయల్దేరితే గ్యాస్ ఆపానా లేదా అని మూడుసార్లు వెనక్కి పోయి చూస్తాను. ఒకసారి బత్తలపల్లి దాకా వెళ్లి, తాళం వేశానో లేదోనని తిరిగొచ్చాను. వేసే ఉంది. ఇంట్లో ఇంకో మనిషుంటే 'వేసినావులే, పద' అంటారు. ఒంటరిగా బతికేవాళ్లు చేసిన పనికి సాక్షి ఉండదు.

"ఈ మధ్య మతిమరుపు ఎక్కువైందమ్మా" అన్నాడు తల దించుకుని. "పోయిన నెలలో రెండు తూర్లు గన్ను ఆన్‌లోనే పెట్టి ఇంటికి పోయినా. అమీనా ఉన్నింటే..."

అక్కడ ఆగిపోయాడు. భార్య అమీనాబీ చనిపోయి పద్నాలుగు నెలలైందని సమీనా చెప్పింది. దుఃఖం కదా అని నేనూ ఆగాను. ఆగకూడదు. 'అమీనాబీ ఉంటే ఏం చేసేది' అని అడగాల్సింది. 'ఆన్‌లో పెట్టి పోయినట్టు నీకెలా తెలిసింది' అని అడగాల్సింది. రెండూ అడగలేదు. పంతొమ్మిదేళ్ల సర్వీసు నాకు నేర్పిన విద్య ఆ పూట అక్కరకు రాలేదు.

ఊరు స్టేషన్‌కి పదకొండు కిలోమీటర్లు. పన్నెండూ ఇరవైకి లింగప్ప ఇంటి ముందు దిగాను. అరుగు మీద కాపలా కానిస్టేబుల్ కుళ్లాయప్ప స్టూలు వేసుకుని కూర్చున్నాడు. నాకు పాత పరిచయం. తాళం తీసింది కేశవ. లింగప్ప అన్న కొడుకు, ముప్పై ఆరేళ్లు, ఆయనకు మిగిలిన ఒకే ఒక్క రక్తసంబంధం. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అడగకుండానే చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు.

"మామను ఏమీ అనాకండి మేడమ్. వయసైంది, మతి తప్పుతాండాది. కావాలని చేసింటాడా?" అన్నాడు. జిలాన్ బాషాను అతను మామా అనే పిలుస్తాడు.

"మంట మొదట చూసిందెవరు?"

"నేనే. ఒకటిన్నరకు పొలం నుంచి వస్తాంటే పొగ కనబడింది. లోపలికి పోయేదానికి కాలేదు. మసీదు కాడికి ఉరికినా."

"లోపలికి పోనే లేదు?"

"యాడ పోయేది మేడమ్, గడపలోనే సెగ."

నడిమింటి తలుపు బొగ్గయింది. గన్ ప్లాస్టిక్ ఒళ్లంతా కరిగి ముద్దయింది, దాని స్విచ్ ఆన్ వైపుకే అతుక్కుపోయి ఉంది. ఇనప మూతి మాత్రం తలుపు అడుగు అంచుకు ఆని ఉంది. నేల మీద, పడుకోబెట్టి. కాసేపటి క్రితం విన్న మాట నా చెవిలోనే ఉంది. స్టాండు ఎక్కడుందో వెతికాను. అవతలి గోడ వారన, గన్‌కి నాలుగు గజాల దూరంలో, చక్కగా నిలబడి ఉంది. పొట్టు వేసే నీళ్ల డబ్బా బోర్లా పడి ఉంది.

"ఫైరింజనోళ్ల నీళ్లకు పడింటాది మేడమ్" అన్నాడు కేశవ. నేను డబ్బా గురించి ఏమీ అడగలేదు.

వైరు వెంబడి అరుగు మీదికి వచ్చాను. అరుగు కాలలేదు. పాత ఇంటి ప్లగ్గులు ఈ గన్ బరువు మోయలేవని జిలాన్ బాషా మీటరు పక్క నుంచి సొంత బోర్డు ఒకటి లాక్కున్నాడు. చెక్క పెట్టె, ఒక స్విచ్, లావు ప్లగ్గు పెట్టే సాకెట్, ఒక పింగాణీ ఫ్యూజు. ప్లగ్గు సాకెట్‌లోనే ఉంది. స్విచ్ ఆన్‌లో ఉంది. ఫ్యూజు కింది భాగం పెట్టెకు బిగించి ఉంది, దాని మీద గోళ్ల రంగుతో పెట్టిన ఎర్ర చుక్క. పైన దోపే ముక్క లేదు.

దాని ముందు గొంతుక్కూర్చుని ఒక నిమిషం అలాగే చూశాను. పింగాణీ కాలదు. కరగదు. పైగా మంట ఇక్కడికి రానే లేదు.

"కేశవా, దీని ఫ్యూజు యాడ?"

"ఏం ఫ్యూజు మేడమ్?"

"ఈడ దోపేది. అది లేకుంటే ఈ బోర్డుకు కరెంటే రాదు. గన్ను వేడెక్కేదే లేదు."

అతను వంగి చూశాడు. "లైన్‌మనే పీకేసింటాడు" అన్నాడు చివరికి.

"చూద్దాం. అదెవరి జేబులో దొరికితే కేసు ఆ పక్కకు తిరుగుతాది" అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఒంటరిగా పని చేసేవాళ్లకు ఇంకో రోగం ఉంటుంది. మనసులో మాట వినేవాళ్లు లేక, ఎదురుగా ఎవరుంటే వాళ్లకే చెప్పేస్తారు.

లైన్‌మన్ ఆంజికి ఫోన్ చేశాను. "నేను స్తంభం కాడనే కట్ చేసినా మేడమ్. అరుగు మీదికే ఎక్కలే. మంట ముందర ఫ్యూజులు యాడ పీక్కుంటా కూచుంటా?" అన్నాడు. కుళ్లాయప్పను తోడు తీసుకుని అరుగు, గది, బూడిద అన్నీ జల్లెడ పట్టించాను. అరగంట పట్టింది. మేకులు దొరికాయి, లింగప్ప కళ్లజోడు ఫ్రేము దొరికింది, ఫ్యూజు దొరకలేదు. తలెత్తి చూస్తే కేశవ లేడు.

"కళ్యాణదుర్గంలో పనుందని పోయినాడు మేడమ్, ఇప్పుడే" అన్నాడు కుళ్లాయప్ప. టైము ఒకటీ పది.

సమీనాకు ఫోన్ చేశాను. అదే ఊళ్లో మూడు వీధుల అవతల ఉంటుంది. "మీ నాయన పని ఆపేటప్పుడు ఫ్యూజు ఏమన్నా తీస్తాడామ్మా?"

"అది మా అమ్మ పెట్టిన రూలు మేడమ్. నా చిన్నప్పుడు కరెంటు లేదు కదాని నాయన వైరు పట్టుకున్యాడు, అప్పుడే వచ్చింది. ఎగిరి పడినాడు. మన దిక్కు కరెంటు ఎప్పుడు పోతాదో ఎప్పుడు వస్తాదో దానికే తెల్దు కదా. అప్పట్నుంచి చెయ్యి కడుక్కునే ముందర ఫ్యూజు పీకి జేబులో ఏసుకోవాల. ఇంటికొస్తే అమ్మ మొదట ఏం తెచ్చినావని అడగదు, 'యాడ, చూపీ' అంటాది. నాయన ఆమె చేతిలో పెట్టాల. అప్పుడే అన్నం. ఆ ఎర్ర చుక్కలు కూడా అమ్మ పెట్టిందే, ఇంకో బోర్డు ఫ్యూజుతో కలిసిపోకుండా."

"ఇప్పుడు?"

"ఇప్పుడు అడిగేవాళ్లు ఎవురుండారు మేడమ్? నేను టైలరింగు నుంచి వచ్చేసరికి నాయన తిని పండుకుని ఉంటాడు. తీస్తాండాడో లేదో నాకు తెల్దు." మసీదు నుంచి తను తెచ్చుకున్న నాయన పని బట్టల సంచి ఇంట్లోనే ఉందని, జేబులు వెతికి చెప్పింది. "పెన్సిలు ఉండాది. ఇంకేం లేదు."

ఇంకేం లేదు. ఊరి బయట స్కూటీ ఆపి రెండు బిస్కెట్లు తిన్నాను. కనుచూపు మేర ఎండిపోయిన వేరుశనగ చేలు తప్ప మనిషి లేడు. జిలాన్ బాషా కూడా ఈ పద్నాలుగు నెలలూ ఇలాగే, ఏం తిన్నావని అడిగే గొంతు లేకుండా, తిన్నాడు. అలాంటివాడికి నువ్వు మర్చిపోయావని ఎవరైనా చెబితే నమ్మక ఏం చేస్తాడు? ఆ ఆలోచన ఎక్కడికో దారి తీస్తోందని అనిపించింది కానీ అంతకంటే అందలేదు.

రెండూ ఇరవైకి స్టేషన్‌లో ఉదయ్ కుమార్ నన్ను చూసి ఫైలు మూశాడు. ఇన్‌స్పెక్టరు. పదమూడేళ్ల కింద ట్రైనింగు ఎస్సైగా వచ్చినప్పుడు అతనికి పంచనామా రాయడం నేర్పింది నేనే. ఆ సంగతి నేను ఎక్కడా అనను. అతను మాత్రం నన్ను చూసినప్పుడల్లా అది గుర్తొచ్చి కారాలు మిరియాలు నూరుతాడు.

"అక్కా, ముద్దాయి ఒప్పుకున్యాడు. టైములు కుదిరినాయి. సబ్‌స్టేషన్ బుక్కులో కరెంటు పోయింది, వచ్చింది రాసుండారు. నీకింకేం కావాల?"

"గన్ను ఆన్‌లో ఉండాది. బోర్డుకు ఫ్యూజు లేదు. గన్ను ఎట్ల మండింది సార్?"

"లైన్‌మన్ పీకింటాడు."

"వాన్ని అడిగినా. ముట్లేదు."

"ఫైరోళ్లు?"

"ఫైరోళ్లు వచ్చేసరికి లైను కట్ అయింది. కరెంటు లేని ఫ్యూజు ఏంటికి పీకుతారు?"

"ఎవురో పీకినారు, యాడో పారేసినారు. నువ్వు బూడిద జల్లెడ పట్టినావంట కదా, కాపలా ఎత్తేసి వచ్చిన కుళ్లాయప్ప చెప్పినాడు. దొరికిందా? దొరకలే. లేని వస్తువును పట్టుకుని జడ్జి ముందర నన్ను నవ్వులపాలు చేస్తావా?" టేబుల్ మీద చెయ్యి ఆనించి లేచాడు. "నీకిది ఒక కేసు. గెలిస్తే బోర్డు మీద ఇంకో లైను రాసుకుంటావు. ఆడ ఒక పెద్ద మనిషి సచ్చిపోయినాడు. ఆయన దగ్గర చదువుకున్నోళ్లు రెండొందల మంది పొద్దున్నుంచి స్టేషన్ ముందర కూచున్యారు. వాళ్లకు నేను చెప్పాల్సిన జవాబు నువ్వు చెప్తావా?"

అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది. కోపాన్ని మింగి కుర్చీలో కూర్చున్నాను.

"ఉదయ్, శుక్రవారం అతన్ని తెచ్చినప్పుడు ఒంటి మీద వస్తువుల జాబితా రాసినావా?"

"రాయకుండా ఉంటానా?"

"నువ్వే రాసినావా, రైటర్ రాసినాడా?"

"నేనే." ఫైలు పక్కకు జరిపి, "జేబులో చిత్తుకాగితమున్నా నీ చేత్తోనే రాయాలని నువ్వే కదా చంపుకు తింటివి" అన్నాడు.

"ఆ కాగితం చూపించు."

చూపించకపోతే నేను వెళ్లనని అతనికి తెలుసు. సొరుగు లాగి కాగితం నా ముందు పడేశాడు. గుండ్రటి చేతిరాత, నేను చూసి దిద్దిన చేతిరాతే. తెల్ల చొక్కా పై జేబు. ఒకటి, కళ్లజోడు. రెండు, దువ్వెన. మూడు, జపమాల. నాలుగో లైను దగ్గర నా వేలు ఆగిపోయింది. 'తెల్లటి పింగాణీ వస్తువు ఒకటి, చిన్నది, రాగి రేకులు గలది.'

"ఇదేంది సార్?"

"తెల్దు. తాయెత్తో ఏమో అనుకున్యా. తెలీకపోయినా చూసింది చూసినట్ల రాయమన్యావు కదా."

నాకు నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది. బయటికి రానివ్వలేదు. "ఆ సంచి తెప్పించు."

గుడ్డ సంచి సీలు విప్పి టేబుల్ మీద బోర్లించాడు. కళ్లజోడు, దువ్వెన, జపమాల. ఆఖరున టక్కున పడింది ఫ్యూజు ముక్క. ఒక పక్కన గోళ్ల రంగు చుక్క, ఎర్రగా. ఫోన్‌లో తీసిన బోర్డు ఫోటో దాని పక్కన పెట్టాను. రెండు చుక్కలూ అదే రంగు, అదే వైపు.

ఉదయ్ కుమార్ ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. "స్పేరు కావచ్చు కదా."

"బోర్డులోది యాడికి పోయింది మరి? స్పేరు జేబులో ఉండి అసలుది మాయమయ్యిందంటావా? పన్నెండూ పావుకు జిలాన్ బాషా దీన్ని జేబులో ఏసుకుని మసీదుకు పోయినాడు సార్. ఆ తర్వాత నీ చేతికే వచ్చింది. ఆ గన్ను శుక్రవారం మధ్యాన్నం ఒక్క నిమిషం కూడా వేడెక్కలే. కరెంటు లేనప్పుడు ఎవడో దాన్ని స్టాండు మీంచి దించి తలుపు కింద పెట్టి, పొట్టు డబ్బాలో నీళ్లు ఒంపేసి, స్విచ్ నొక్కినాడు. కరెంటు లేదు కాబట్టి ఫ్యూజు కూడా లేదని వానికి తెలిసే దారి లేదు. అరుగు మీద బల్బు వెలిగినాక అగ్గిపుల్ల గీసినాడు."

అతను టోపీ తీసి పక్కన పెట్టాడు. నాతో పోట్లాడేటప్పుడు ఎప్పుడూ తీయడు. "ఐదు నిమిషాలు. నేనూ వస్తా" అన్నాడు.

ఊచల మధ్య నుంచి ఆ ముక్కను జిలాన్ బాషా అరచేతిలో పెట్టాను.

"యాడిదమ్మా ఇది?"

"నీ తెల్ల చొక్కా జేబులోది. పోలీసులే తీసినారు, రాసినారు. శుక్రవారం నువ్వు నమాజుకు పోయేటప్పుడు నీ ఒంటి మీద ఉండాది."

అతను ఆ ముక్కను వేళ్లతో తడిమాడు. ఎర్ర చుక్క మీద బొటనవేలు నిలిచింది. "నేనే తీసినానా?"

"నువ్వే తీసినావు. పని చొక్కాలోంచి తెల్ల చొక్కాలోకి మార్చుకున్యావు కూడా, కళ్లద్దాలతో పాటు."

"అమీనా అడగకపోయినా తీసినానా?"

నేను తల ఊపాను. అతను పిడికిలి మూసి, ఆ పిడికిలిని నుదుటికి ఆనించుకుని, గోడ వైపు తిరిగి ఏడ్చాడు. ఇన్ని రోజులూ ఎవరి ముందూ ఏడవని మనిషి. ఉదయ్ కుమార్ అటు తిరిగి నిలబడ్డాడు.

మొహం తుడుచుకుని ఇటు తిరిగాడు. "ఇంటికి పోయినాక అద్దాలు గూట్లో పెడ్తా. దాంతో పాటు ఇంకేదో పెడ్తా ఉంటి. పొద్దున మళ్లీ తీసుకుంటా ఉంటి. చెయ్యే చేస్తాది, నేను చూడను. ఇదేనమ్మా అది. దినామూ తీస్తానే ఉన్యా."

దినమూ. పొద్దున్న నేను అడగకుండా వదిలేసిన ప్రశ్న ఇప్పుడు వచ్చి ఎదురుగా నిలబడింది.

"అన్నా, దినామూ ఇది నీ జేబులో ఉంటే, పోయిన నెల ఆ రెండు తూర్లు గన్ను ఆన్‌లో ఎట్ల ఉన్నింది? నువ్వు చూసినావా?"

"నేను యాడ చూస్తి? ఇంటికి పోతి కదా. తెల్లారి కేశవ చెప్పినాడు. 'మామా, గన్ను ఆన్‌లోనే పెట్టి పోయినావు, సెగలు కక్కుతాండాది, నేనే ఆపినా. చిన్నాయనకు చెప్పలేదులే' అన్యాడు. మంచోడు, నా పరువు కాపాడినాడనుకుంటి. బ్రష్షు యాడో పెట్టి మరిచిపోతే వాడే తెచ్చిస్తాండె. స్క్రేపరు పోతే వాడే చూపిస్తాండె. 'వయసైంది మామా, జాగ్రత్త' అని నలుగుర్లో కూడా చెప్తాండె."

"శుక్రవారం మసీదు కాడికి వచ్చి ఏమన్యాడు? అన్నది అన్నట్ల చెప్పు."

"చెప్పులేసుకుంటాండా. ఉరుక్కుంటా వచ్చి, 'మామా, నీ గన్ను ఆన్‌లో పెట్టి వచ్చినావు, ఇల్లంటుకున్యాది' అన్యాడు."

ఉదయ్ కుమార్ ఇటు తిరిగాడు. "గడప కూడా దాటలేదని స్టేట్‌మెంటు ఇచ్చినాడు వాడు. లోపల గన్ను ఆన్‌లో ఉన్న సంగతి వానికెట్ల తెలిసింది?"

జవాబు అతనికీ తెలుసు. రేపటి రిజిస్ట్రేషన్ జరిగి ఉంటే ఆ ఇల్లు ఊరిదయ్యేది, ఇప్పుడు ఆ స్థలం కేశవదే. దాన్ని ఆపడానికి కేశవ రెండు నెలల ముందే పని మొదలుపెట్టాడు. కిరసనాయిలుతో కాదు, అగ్గిపుల్లతో కాదు. అడిగే మనిషి లేని ఒక ముసలాయన బుర్రలోకి రోజుకింత మతిమరుపు ఎక్కించాడు. నిప్పు పెట్టే నాటికి నేరం ఒప్పుకునేవాడు సిద్ధంగా ఉన్నాడు. ఎన్నో హత్యలు చూశాను. ఇంత నీచమైనది చూడలేదు.

"జీపు తీయించు సార్. కళ్యాణదుర్గం పోతానని బయల్దేరినాడు" అన్నాను.

అప్పుడే నా ఫోన్ మోగింది. సమీనా. టైము రెండూ యాభై ఐదు. గొంతులో కంగారు ఏమీ లేదు, మామూలుగా మాట్లాడింది.

"మేడమ్, మీరు అడిగిన ఫ్యూజు కోసం కేశవన్న వచ్చినాడు. మీరే పంపించినారంట కదా. నాయన బట్టలన్నీ కింద పరిచి జేబులు తిరగేస్తాండాడు. 'ఇందాక మేడమ్ కూడా ఇదే అడిగింది, ఇందులో లేదు, తెల్ల చొక్కా జేబులో ఉంటే పోలీసుల కాడ ఉంటాది' అని నేనే చెప్పినా. చెప్పినప్పట్నుంచి ఏం మాట్లాడకుండా నన్నే చూస్తాండాడు."

ఆ మాట ఎవరికీ చెప్పొద్దని నేను ఆ పిల్లకు చెప్పలేదు. కేశవకు ఫ్యూజు సంగతి చెప్పింది కూడా నేనే.

"ఇంట్లో ఇంకెవరుండారమ్మా?" అన్నాను. ఊచల అవతల జిలాన్ బాషా లేచి నిలబడ్డాడు. ఫ్యూజు ఇంకా పిడికిట్లోనే ఉంది. ఫోన్‌లోంచి వినబడుతున్నది కూతురి గొంతని అతనికి తెలిసిపోయింది.

"ఎవురూ లేరు మేడమ్. నేనొక్కదాన్నే. ఉండండి, గాలికి కొట్టుకుంటాండాదని కేశవన్న తలుపు గడియ పెడ్తాండాడు."

స్టేషన్ ముందు వేపచెట్టు ఆకు కూడా కదలడం లేదు. ఆ ఇల్లు ఇక్కడికి పదకొండు కిలోమీటర్లు.